పోస్టు వేరు, అర్జీ వేరు: సామాజిక మాధ్యమాల్లో ప్రభుత్వాన్ని నిలదీసేవారు తరచూ అడిగే ప్రశ్నలు

రోడ్డు మీది గుంతనో, మందులు లేని ఆరోగ్య కేంద్రాన్నో, ఆగిపోయిన పింఛను గోడునో ఫోనులో తీసి లోకానికి చూపడం ఇప్పుడు నిమిషం పని. ఆ తర్వాత ఏం చేయాలో తెలియకనే చాలామంది న్యాయవాది గడప తొక్కుతారు. కింది జవాబులు ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పౌరుల కోసం. ఇవి సాధారణ సమాచారం మాత్రమే. మీకు ఇప్పటికే నోటీసు వచ్చినా, మీ మీద కేసు ఉన్నా, ఆ కాగితాలు చదివిన న్యాయవాది సలహా ప్రకారమే నడుచుకోవాలి.

ఇందులో మూడు మాటలకు స్థిరమైన అర్థం ఉంది. "పోస్టు" అంటే ఎక్స్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ వంటి వాటిలో మీరు పెట్టిన రాత, బొమ్మ లేదా వీడియో. ఇతరులు పెట్టినదాన్ని మీరు ముందుకు పంపినా అది మీ పోస్టే. "అర్జీ" అంటే చర్య తీసుకునే అధికారం ఉన్న కార్యాలయానికి ఇచ్చి, రసీదు గానీ నమోదు సంఖ్య గానీ పొందిన విన్నపం. "అధికారి" అంటే ప్రభుత్వ విధి నిర్వహిస్తున్న వ్యక్తి. ఎన్నికైన ప్రజాప్రతినిధి కూడా ఇందులోకి వస్తారు.

1. ప్రభుత్వాన్ని విమర్శిస్తూ పోస్టు పెట్టే హక్కు నాకు ఉందా?

ఉంది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చిన హక్కు ఇది. దీనిపై పరిమితి విధించాలంటే 19(2) అధికరణంలో ఉన్న కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ప్రేరేపించడం. ప్రభుత్వానికి ఇబ్బంది కలగడం ఈ జాబితాలో లేదు.

2021 ఏప్రిల్ 30న, ఆక్సిజన్ కోసం జనం ఫోన్లు పట్టుకుని వేడుకుంటున్న రోజుల్లో, సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. తమ కష్టాన్ని సామాజిక మాధ్యమాల్లో చెప్పుకున్న పౌరులపై చర్య తీసుకుంటే దాన్ని కోర్టు ధిక్కారంగా చూస్తామని అందులో హెచ్చరించింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు కూడా ఉన్నారు. అది కొవిడ్ సందర్భంలో ఇచ్చిన ఉత్తర్వు. ప్రతి పోస్టుకూ అదే కవచమని అనుకోకూడదు.

2. కలెక్టర్‌నో మంత్రినో ట్యాగ్ చేసి పోస్టు పెట్టాను. అర్జీ ఇచ్చినట్టేనా?

కాదు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. పోస్టు చూసి అధికారి స్పందిస్తే సంతోషమే, కానీ స్పందించకపోతే మీరు లెక్కపెట్టుకోవడానికి ఏ గడువూ మొదలై ఉండదు. గడువు అర్జీకే ఉంటుంది. నాలుగు లక్షల మంది చూసిన వీడియో చేతిలో ఉన్నా, రసీదు లేని మనిషి అప్పీలుకు గానీ హైకోర్టుకు గానీ వెళ్లినప్పుడు ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఎవరికి, ఏ తేదీన అడిగారు?

"మీ వివరాలు పంపండి" అని ప్రభుత్వ ఖాతా జవాబిచ్చినా, నమోదు సంఖ్య చేతికి వచ్చేవరకు దాన్ని అర్జీగా లెక్కించకండి.

3. అయితే ఏది ముందు, ఏది తర్వాత?

ముందు అర్జీ, ఆ తర్వాత పోస్టు. ప్రాణాపాయం ఉన్నచోట మాత్రం రెండూ ఒకేసారి. ఆంధ్రప్రదేశ్‌లో సోమవారాల్లో కలెక్టరేట్లలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. కేంద్ర ప్రభుత్వ శాఖలకు సంబంధించిన అర్జీలకు సీపీగ్రామ్స్ పోర్టల్ ఉంది. అక్కడ పరిష్కారానికి 2024 ఆగస్టు మార్గదర్శకాల ప్రకారం సాధారణ గడువు 21 రోజులు. అర్జీ మూసేసిన తీరు మీకు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. ఇవి పరిపాలనాపరమైన గడువులు, శాసనం పెట్టినవి కావు.

అర్జీ నమోదు సంఖ్యను, తేదీని పోస్టులో రాయండి. "పట్టించుకోవడం లేదు" అనే మాటకంటే "ఫలానా తేదీన ఫలానా సంఖ్యతో అర్జీ ఇచ్చాను, ఇన్ని రోజులైంది" అనే వాక్యం అధికారిని ఎక్కువ కదిలిస్తుంది. రేపు ఆ పోస్టుపై వివాదం వస్తే మిమ్మల్ని కాపాడేదీ అదే.

4. పోస్టుకు ఆధారంగా ప్రభుత్వ లెక్కలు కావాలి. ఎలా?

సమాచార హక్కు చట్టం, 2005 కింద పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ రుసుము గ్రామ స్థాయి కార్యాలయంలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర లేదు.

గడువులు రాసి పెట్టుకోండి. దరఖాస్తు అందిన నాటి నుంచి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. దరఖాస్తు వేరే కార్యాలయానికి చెందినదైతే అయిదు రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి ప్రతుల ఖర్చు అడగకూడదు. జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు. దాన్ని 30 రోజుల్లో, కారణాలు రాస్తే గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. ఆపైన 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సహేతుక కారణం లేకుండా జాప్యం చేసిన పౌర సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండా కమిషన్ జరిమానా వేయవచ్చు.

ఒక హెచ్చరిక. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ద్వారా సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె) మారింది. ఆ మార్పు 2025 నవంబరు నుంచి అమల్లో ఉంది. "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క కారణంతో తిరస్కరించే వీలు పెరిగింది. అందుకే దరఖాస్తులోనే సెక్షన్ 8(2)ను ప్రస్తావించి, వెల్లడిలో ఉన్న ప్రజాప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి. ఆ సెక్షన్ మారలేదు.

5. ప్రభుత్వ కార్యాలయంలో, ఆసుపత్రిలో వీడియో తీయవచ్చా?

తీయకూడదని అన్నిచోట్లకూ వర్తించే సాధారణ నిషేధం ఏదీ లేదు. పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టం, 1923 కింద "నిషిద్ధ స్థలం" కాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2022లో చెప్పింది. అది మన హైకోర్టులను కట్టిపడేసే తీర్పు కాదు, ఆధారంగా చూపవచ్చు. రక్షణ స్థావరాల వంటి నిషిద్ధ స్థలాల సంగతి వేరు.

తీయడం ఒకటి, అడ్డుపడటం మరొకటి. అధికారి విధికి ఆటంకం కలిగితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 221, బలప్రయోగం జరిగితే సెక్షన్ 132 వర్తించవచ్చు. ఆపమంటే ఆపి, ఆపమన్నవారి పేరు, హోదా, సమయం రాసుకోండి. కెమెరా అధికారి మీద, బోర్డు మీద, హాజరు పట్టిక మీద ఉండాలి గానీ పక్క మంచం మీది రోగి మీద కాదు.

6. పోస్టులో ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడనివి ఏమిటి?

అత్యాచార బాధితురాలి పేరు గానీ గుర్తించగల ఇతర వివరం గానీ ఉండకూడదు (భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72). లైంగిక నేరానికి గురైన పిల్లలకూ, కేసుల్లో చిక్కుకున్న పిల్లలకూ ఇదే రక్షణ పోక్సో చట్టం సెక్షన్ 23లో, బాలల న్యాయ చట్టం సెక్షన్ 74లో ఉంది. న్యాయం జరగాలన్న ఆవేశంతో బిడ్డ ఫొటో పెట్టినా నేరం నేరమే.

అధికారి కులాన్ని ఎత్తే మాట, మహిళా అధికారి శీలాన్ని కించపరిచే మాట, బెదిరింపు: ఈ మూడూ విమర్శ కిందికి రావు, వాటికి వేర్వేరు సెక్షన్లు ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తే ముందస్తు బెయిలుకు సాధారణంగా వీలుండదని గుర్తుంచుకోండి. ఇక ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఫోను నంబరు బహిరంగ పోస్టులో పెట్టడం నేరం కాదేమో గానీ, మోసగాళ్లకు తాళంచెవి ఇవ్వడమే.

7. "పరువు నష్టం దావా వేస్తా" అని అధికారి బెదిరిస్తున్నారు. భయపడాలా?

భయపడనక్కర లేదు, అలాగని తేలిగ్గానూ తీసుకోకూడదు. పరువు నష్టాన్ని నేరంగా చూసే చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ.

ఆ సెక్షన్‌లోనే పది మినహాయింపులు ఉన్నాయి. మీకు ముఖ్యమైనవి రెండు. మొదటిది: నిజమై, ప్రజల మేలు కోసం చెప్పినది. నిజమైతే చాలదు, ప్రజల మేలు కూడా ఉండాలి. రెండోది: అధికారి తన విధి నిర్వహణలో నడుచుకున్న తీరుపై సద్భావంతో చెప్పిన అభిప్రాయం. "సద్భావం" అంటే మంచి మనసు అని అర్థం కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినది సద్భావంతో చేసినట్టు కాదని సంహితే చెబుతోంది. మీరు ఏం సరిచూశారో చూపగలగాలి.

కాబట్టి చూసినదాన్ని చూసినట్టు రాయండి. "మూడు సోమవారాలు వెళ్లాను, డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంది" అనడానికి మీ దగ్గర తేదీలున్న ఫొటోలు చాలు. "డాక్టరు లంచగొండి" అనడానికి చాలవు. వాస్తవాన్ని, అభిప్రాయాన్ని వేర్వేరు వాక్యాల్లో పెట్టండి.

సివిల్ దావా విషయంలో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన తీర్పు మీకు అండ. విధి నిర్వహణకు సంబంధించిన చర్యల మీద వ్యాఖ్యకు అధికారి నష్టపరిహారం రాబట్టాలంటే, నిజానిజాలను బొత్తిగా లెక్కచేయకుండా అబద్ధం ప్రచురించారని నిరూపించాలి. ప్రభుత్వం, స్థానిక సంస్థలు తమ పరువు పోయిందంటూ నష్టపరిహార దావా వేయలేవు. అధికారి సొంత బతుకుకు, ఇంటి విషయాలకు ఈ రక్షణ వర్తించదు.

పరువు నష్టం నాన్-కాగ్నిజబుల్ నేరం. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. ఆ వ్యక్తి స్వయంగా కోర్టుకు ఫిర్యాదు చేసుకోవాలి.

8. నేను రాయలేదు, పంపానంతే. నాకూ బాధ్యత ఉంటుందా?

ఉండవచ్చు. మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టును ముందుకు పంపిన ఒక మాజీ ఎమ్మెల్యే "నేను చదవకుండా పంపాను" అని వాదించినా, 2023లో మద్రాసు హైకోర్టు కేసు కొట్టేయలేదు. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ మాత్రం ఇతర సభ్యుల పోస్టుకు అడ్మిన్ అయినంత మాత్రాన నేరస్థుడు కాడని బొంబాయి (2021), కేరళ (2022) హైకోర్టులు చెప్పాయి.

9. పోలీసులు ఏ సెక్షన్లు పెట్టవచ్చు?

ముందు, పెట్టకూడనిది. అభ్యంతరకర ఆన్‌లైన్ సందేశాలను నేరంగా చూసిన సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66ఎను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. అయినా కేసులు ఆగకపోవడంతో 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. మీ ఎఫ్ఐఆర్‌లో 66ఎ కనిపిస్తే ఆ ఒక్క భాగం నిలవదు, మిగతా సెక్షన్లు నిలవవచ్చు.

తరచూ ఎదురయ్యేవి రెండు: భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196 (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం), సెక్షన్ 353 (అలజడి రేపే అసత్య సమాచారం, వదంతి). పాత వీడియోకు కొత్త ఊరి పేరు తగిలించి పంపడం 353కు నేరుగా దారి. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, దురుద్దేశం లేకుండా సద్భావంతో చెప్పినవారికి ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. దేశ సార్వభౌమత్వానికి, సమగ్రతకు ముప్పు తెచ్చే చర్యలకు సంబంధించిన సెక్షన్ 152లోని వివరణ ప్రకారం, ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించడానికి చేసే నిరసన వ్యాఖ్య ఆ సెక్షన్ కిందికి రాదు.

10. స్టేషన్ నుంచి ఫోను వచ్చింది, "రేపు రండి" అన్నారు. వెళ్లాలా?

నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. అరెస్టు అవసరం లేని కేసులో నిందితుడిని పిలవడానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35(3) నోటీసు ఉంది. దాన్ని వాట్సాప్ వంటి మార్గాల్లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. నోటీసు సక్రమంగా అందాక మాత్రం హాజరు కావడం మీ విధి. వెళ్తే, కారణాలు రాతలో నమోదు చేయనిదే అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది.

నోటీసు మీద ఉన్న కేసు సంఖ్య, సెక్షన్లు, తేదీ చూసుకోండి. ఆ తేదీకి రాలేకపోతే ముందే లిఖితపూర్వకంగా మరో తేదీ కోరి, అందినట్టు సంతకం తీసుకోండి. ఈలోగా పోస్టు తొలగించవద్దు, మార్చవద్దు. సాక్ష్యం మాయం చేశారన్న ఆరోపణకు తావివ్వకూడదు.

11. ఎఫ్ఐఆర్ నమోదైంది. నాకున్న రక్షణలేమిటి?

మూడేళ్లు మొదలు ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173(3) వీలు కల్పిస్తుంది. మాటలకు, రాతలకు సంబంధించిన నేరాల్లో ఆ విచారణ జరపడమే సముచితమని సుప్రీంకోర్టు 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరు 10న మరింత ముందుకు వెళ్లింది. ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా అని చూడాలి, కటువైన రాజకీయ విమర్శకు యాంత్రికంగా కేసు పెట్టకూడదు, పరువు నష్టాన్ని మేజిస్ట్రేటుకు వదలాలి, అరెస్టు దానంతటదే జరిగిపోకూడదు అని మార్గదర్శకాలిచ్చింది. సామాజిక మాధ్యమ పోస్టుల కేసుల్లో రిమాండు విధించే ముందు, అరెస్టులను నియంత్రించే అర్నేశ్ కుమార్ (2014) తీర్పు నిబంధనలు పాటించాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. ఈ కాగితాలన్నీ అడిగినవారికే పనికొస్తాయి. రిమాండు సమయంలో మీ న్యాయవాది వీటిని నోటితో కాక మెమోగా దాఖలు చేయాలి.

అరెస్టు చేస్తే కారణాలు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఫోను స్వాధీనం చేసుకుంటే పంచనామా ప్రతి అడగండి. సోదా, స్వాధీనం వీడియోలో రికార్డు కావాలని అదే సంహిత సెక్షన్ 105 చెబుతుంది. ఫోను పాస్‌వర్డు చెప్పాలా వద్దా అన్నదానిపై కోర్టుల అభిప్రాయాలు ఒకేలా లేవు. న్యాయవాదితో మాట్లాడాకే జవాబివ్వండి. ఎఫ్ఐఆర్ కొట్టేయమని హైకోర్టును కోరడానికి అదే సంహితలో సెక్షన్ 528, ముందస్తు బెయిలుకు సెక్షన్ 482.

12. నా పోస్టు మాయమైంది. ఎవరిని అడగాలి?

ముందు ఆ మాధ్యమ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. జవాబు నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లో ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేయవచ్చు. ప్రభుత్వమే సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 69ఎ కింద అడ్డుకుని ఉంటే దారి హైకోర్టులో రిట్ పిటిషనే. అడ్డుకున్న ఉత్తర్వులో కారణాలు రాతపూర్వకంగా ఉండాలన్న ఆధారంతోనే, 66ఎను కొట్టేసిన 2015 తీర్పు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది.

13. నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఈ హక్కులు నాకూ వర్తిస్తాయా?

కొంతవరకే. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడంపై ప్రవర్తనా నియమావళిలో ఆంక్షలున్నాయి. ఉద్యోగం వల్ల భావప్రకటన హక్కు పూర్తిగా పోదని త్రిపుర హైకోర్టు 2020 జనవరిలో చెప్పింది, కానీ మన రాష్ట్రాల్లో దాని మీదే ఆధారపడి పోస్టు పెట్టమని నేను సలహా ఇవ్వను. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది తమ ఒప్పంద షరతులు చదువుకోవాలి. మీ వీధి కుళాయి గురించి పౌరుడిగా అర్జీ ఇవ్వడానికి మాత్రం ఉద్యోగం అడ్డు కాదు.

14. నేను గల్ఫ్‌లో ఉన్నాను. ఊరి సమస్య మీద పోస్టు పెట్టవచ్చా?

భారత పౌరులు విదేశంలో ఉండి చేసిన నేరానికీ భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. దానికి తోడు మీరున్న దేశపు సైబర్ చట్టం ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో అది మన చట్టం కంటే చాలా కఠినం. ఊరి సమస్యకు సమాచార హక్కు దరఖాస్తు చేయడం మీకు ఎక్కువ క్షేమం. పౌరులై ఉంటే చాలు. విదేశీ పౌరసత్వం తీసుకున్న ఓసీఐ కార్డుదారులకు ఆ హక్కు లేదు. యజమాని జీతం ఎగ్గొట్టడం వంటి సమస్యకు భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో అర్జీ నమోదు చేయండి.

15. అర్జీ ఇచ్చి నెలలు గడిచాయి, పోస్టుకూ కదలిక లేదు. ఇంకేం మిగిలింది?

226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్. అధికారి చేయాల్సిన విధి చట్టంలో ఉండాలి, దాన్ని చేయమని మీరు అడిగి ఉండాలి, అధికారి నిరాకరించడమో పట్టించుకోకపోవడమో జరిగి ఉండాలి. రెండో షరతుకు రుజువు మీ అర్జీ రసీదు. రిట్‌కు నిర్ణీత గడువు లేదు గానీ, కారణం లేని ఆలస్యాన్ని కోర్టు క్షమించదు. సివిల్ దావా అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 ప్రకారం, అత్యవసర సందర్భాల్లో తప్ప, ప్రభుత్వానికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి.

16. సమస్య తీరింది. పోస్టు తీసేయాలా?

తీసేయాలన్న నియమం లేదు. కేసు గానీ నోటీసు గానీ లేకపోతే తీసేయడమూ మీ ఇష్టమే. నా సలహా, దాన్ని ఉంచి, ఫలానా తేదీన పరిష్కారమైందని కింద ఒక వాక్యం చేర్చమని. పని చేసిన అధికారికి అది న్యాయం, మీ సద్భావానికి అది సాక్ష్యం.

పోస్టు లింకు, స్క్రీన్‌షాట్, కత్తిరించని అసలు వీడియో, అర్జీ రసీదు ఒకే కవరులో దాచండి. కోర్టులో డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి కాబట్టి, వీడియో తీసిన ఫోనును కూడా అమ్మేయవద్దు. ఇవన్నీ ఎంతకాలం దాచాలో ఈ గడువులే చెబుతాయి: పరువు నష్టానికి సివిల్ దావా గడువు ప్రచురణ నుంచి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు.